పరిశోధన పట్టమునకు దారిబత్తెము
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరముల క్రిందట ఈ గ్రంథాలయమునకు దినపత్రికకై వచ్చినవారి బిడ్డలు నేడు ఎం.ఏ., ఎమ్మెస్సీ పట్టములు పుచ్చుకొని అదే బల్లయొద్ద కూర్చుండి పరీక్షల పుస్తకములు తిరుగవేయుచున్నారు. వారిలో ఒకరిద్దరికైనను ఇంకను పైకిపోయి డాక్టరు పట్టము పొందవలెనను కోరిక ఉండును. ఆ మాట ఇంటిలో చెప్పగానే తండ్రి అడుగు మొదటి ప్రశ్న "ఎన్నేండ్లు?" అని, రెండవది "ఎంత అగును?" అని. తల్లి ప్రశ్న వేరు: "అంతదాక పెండ్లి మాట ఏమి?" ఈ మూడును న్యాయమైన ప్రశ్నలే. వీనికి జవాబు చెప్పలేక అనేకులు తమ కోరికను లోలోపలనే అణచుకొనుచున్నారు. మరికొందరు జవాబు తెలియకయే చేరి, నడిదారిలో ఆగిపోవుచున్నారు. మొదటివారికంటె రెండవవారి నష్టమే ఎక్కువ. వారికి పట్టమును రాదు, పోయిన వయస్సును రాదు.

మొదట ఒక సంగతి తేటపడవలెను. బి.ఏ. చదువునకుగాని ఇంజనీరింగు చదువునకుగాని తండ్రి రుసుము కట్టును, బిడ్డ చదువును. పరిశోధన అట్టిది కాదు. అది చదువుకంటె ఎక్కువగా పని. లోకమునకు ఇదివరకు తెలియని విషయ మొకటి కనుగొని, దానిని సాక్ష్యములతో వ్రాసి, పెద్దల యెదుట నిలిచి సమర్థించుకొనుట ఆ పని. పనిచేయువానికి కూలి ముట్టవలెనుగాని, వాడే ఎదురు కూలి ఇచ్చుట ఎక్కడను లేదు. కావున పరిశోధన కొరకు పొలము అమ్మవలసి వచ్చినచో దారి ఎక్కడనో తప్పినదని గ్రహింపవలెను. ఎకరము అమ్మి చేరుటకంటె, పోషించు తావు దొరకువరకు ఒక సంవత్సరము ఆగుట మేలు.

దీనికి డాక్టరు అంబేద్కరు చరిత్రకంటె మంచి ఉదాహరణము లేదు. ఆయన బుద్ధిబలమునుగూర్చి అందరును చెప్పుదురు. ఆయన డబ్బు తిప్పలనుగూర్చి చెప్పువారు తక్కువ. 1913లో బరోడా ప్రభువు సయాజీరావు గాయక్వాడు ఆయనకు మూడేండ్లపాటు నెలకు పదకొండున్నర పౌనుల విద్యార్థివేతన మిచ్చి, న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపెను. తిరిగివచ్చి సంస్థానములో పదేండ్లు కొలువు చేయవలెనని ఒడంబడిక. అచ్చటి పని ముగించి ఆయన 1916లో లండను చేరి, ఆర్థికశాస్త్ర పాఠశాలలో మరియొక వ్యాసమునకు పూనుకొనెను. 1917లో వేతనపు గడువు తీరినది. బుద్ధి తరుగలేదు, పట్టుదల తరుగలేదు. డబ్బు మాత్రము తరిగినది. చేతిలోని పనిని వదలి ఓడ యెక్కవలసి వచ్చెను. ఒడంబడిక ప్రకారము బరోడాకు పోగా, అంత చదివిన మనిషికి కులము పేరిట ఉండుటకు గది దొరకలేదు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడై, జీతములో మిగిల్చి, కొల్హాపురము సాహు మహారాజు ఇచ్చిన సహాయమును, ఒక పార్సీ మిత్రుడు ఇచ్చిన అప్పును జతపరచుకొని 1920లో మరల లండను పోయెను. 1923లో ఆయనకు డి.ఎస్సీ. పట్టము వచ్చెను. కొలంబియా పట్టము సయితము, వ్యాసము గ్రంథరూపమున అచ్చయి సమర్పింపబడిన తరువాత, 1927లోగాని చేతికి రాలేదు.

ఈ లెక్కను పల్లెవారు ఒకసారి నిదానముగా చూడవలెను. రాజు ఇచ్చిన వేతనము, సొంత జీతములో మిగులు, దాత సహాయము, స్నేహితుని అప్పు, ఇన్ని చేతులు కలిసినవి. వేతనము నిలిచినప్పుడు ఆయన పరిశోధనను విడిచిపెట్టలేదు. ఉద్యోగములో చేరి, డబ్బు కూడబెట్టి, తిరిగి వెళ్లెను. నడుమ మూడేండ్లు పోయినవి. అవి పోయినవని చెప్పుటయు సరికాదేమో.

మన భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి దారి మరింత కటువైనది. మామగారి చేయూతతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి అండతోను ఆయన అమెరికా చేరెను. అచ్చట వేతనము లేక, ఆసుపత్రిలో రాత్రి సేవకుని పని చేయుచు పగలు చదివెను. 1930లో హార్వర్డునుండి డాక్టరు పట్టము పొందెను. ఆయన పరిశోధనలవలన లోకమునకు కలిగిన మేలును అందరును ఎరుగుదురు. ఆయన 1948లో ఆ దేశముననే కన్నుమూసెను. మరల స్వదేశము చూడలేదు; భార్య ఇచ్చటనే ఉండిపోయెను. తల్లి అడుగు మూడవ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదని చెప్పుటకే ఈ ప్రస్తావన.

నేటి స్థితి అంత కఠినమైనది కాదు. పరిశోధకుని పోషించుటకు ప్రభుత్వమువారే ఒక పద్ధతి ఏర్పరచిరి. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారి నెట్ పరీక్ష సామాన్యముగా సంవత్సరమునకు రెండు తడవలు, జూన్, డిసెంబరు పేర్లతో జరుగును. ఎం.ఏ.లో 55 శాతము మార్కులు కావలెను. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, వికలాంగులు మున్నగువారికి 50 చాలును. మూడు గంటలలో రెండు పత్రములు: మొదటిది అందరికిని ఉమ్మడి, రెండవది ఎవరి విషయము వారిది. తెలుగు కూడ ఒక విషయముగా కలదు. తప్పు జవాబునకు మార్కులు కోయరు. భౌతిక, రసాయన, గణిత, జీవశాస్త్రాదులు చదివినవారికి సి.ఎస్.ఐ.ఆర్. పేర వేరుగా పరీక్ష కలదు. ఇందులో మేటిగా నిలిచినవారికి జె.ఆర్.ఎఫ్. అను పరిశోధక వేతనము లభించును. దానికి సామాన్యముగా ముప్పది యేండ్లు మించరాదు. స్త్రీలకును, పైన చెప్పిన వర్గములకును అయిదేండ్ల సడలింపు ఉన్నది. పరిశోధనకు మాత్రము వయస్సుతో నిమిత్తము లేదు, వేతనమునకే వయస్సు. ఈ భేదము తెలియక ముప్పది దాటినవారు ఆశ వదలుకొనుచుందురు.

ఆ వేతనమెంత? 2023 జనవరి మొదటి తేదీనుండి మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, పిమ్మటి మూడేండ్లు పని సంతృప్తికరముగా ఉన్నచో నెలకు 42,000. గుణించి చూచిన రెండేండ్లకు 8,88,000, మూడేండ్లకు 15,12,000, వెరసి ఇరువదినాలుగు లక్షలు. వసతిగృహములో చోటు లేనివారికి ఇంటి అద్దె భత్యము ప్రత్యేకము. పుస్తకములకును ప్రయాణములకును ఏటేట కొంత సొమ్ము వేరుగా ఉండును. "ఎంత అగును?" అని అడిగిన తండ్రికి ఇది జవాబు: ఒక పరీక్షకై ఏడాది రెండేండ్లు కూర్చుండి చదివినచో, ఇంటినుండి పోవుటకు మారుగా ఇంటికే కొంత రావచ్చును.

అయితే ఒక హెచ్చరిక అవసరము. ఈ సొమ్ము ప్రతి నెలయు ఒకే తేదీని చేతిలో పడునని నమ్మి ఇంటి అప్పులకు వాయిదాలు వ్రాయరాదు. హాజరు పత్రము, పర్యవేక్షకుని సంతకము, కార్యాలయపు ముద్ర, పైవారి ఆమోదము, వీనిలో ఏ ఒక్కటి ఆలస్యమైనను నెలలు గడచును. తరువాత బకాయి అంతయు ఒక్కసారి వచ్చును. ఆరునెలల తిండికి సరిపడు సొమ్ము చేతిలో ఉంచుకొనియే చేరుట వివేకము. ఇంటివారు నిజముగా చేయవలసిన సహాయ మేదైన ఉన్నచో అది ఇదియే. రుసుములకు లక్షలు కాదు, ఆలస్యమునకు ఓర్చు ఆరునెలల ఊపిరి.

నెట్‌లో అంత ఎత్తున నిలువలేనివారికి ఇతర దారులు లేకపోలేదు. షెడ్యూల్డు కులములవారికి జాతీయ పరిశోధక వేతనములు ఏటేట 2,000, తెగలవారికి 750, వెనుకబడిన తరగతులవారికి 1,000 ఏర్పాటైనవి. సాంఘికశాస్త్రముల కేంద్రసంస్థ యగు ఐ.సి.ఎస్.ఎస్.ఆర్. తన వేతనమును నెలకు 20,000 చొప్పున రెండేండ్లు ఇచ్చును. హైదరాబాదు విశ్వవిద్యాలయమువంటి కేంద్ర విశ్వవిద్యాలయములలో, వేరే వేతనము లేని పరిశోధకునకు నెలకు 8,000 ఇచ్చు పద్ధతి కలదు. నగరములో ఎనిమిదివేలతో జీవించుట ఎట్లో ఆ నియమము వ్రాసినవారికే తెలియవలెను. అయినను వసతిగృహములో చోటు దొరికినచో ప్రాణము నిలుపును. విజ్ఞానశాస్త్రములవారికి మరియొక మార్గము కలదు. ఆచార్యునికి ప్రభుత్వము ఒక పథకము మంజూరు చేసినప్పుడు, అందులో సహాయక పరిశోధకుని జీతము కూడ చేరియుండును. పథకపు ప్రకటన చూచి చేరినవారు ఆ పనినే తమ వ్యాసముగా మలచుకొనవచ్చును. ఈ ప్రకటనలు ఆయా సంస్థల వెబ్‌సైటులలో పడి, కొలది దినములలోనే గడువు తీరిపోవుచుండును.

ఉద్యోగము ఉన్నవారి సంగతి వేరు. బడిపంతులు, బ్యాంకు గుమాస్తా, రెవెన్యూ ఉద్యోగి జీతము వదలుకొని వేతనమునకై పరుగెత్తనక్కరలేదు. 2022 నవంబరులో వెలువడిన నిబంధనలు పార్ట్‌టైము పరిశోధనకు స్పష్టముగా అనుమతి నిచ్చినవి. పై అధికారినుండి నిరభ్యంతర పత్రము కావలెను. అవసరమైనప్పుడు తరగతుల కొరకు సెలవు ఇచ్చెదమని అందులో ఉండవలెను. ఇంటినుండి టపామీద గాని, ఆన్‌లైన్‌లో గాని చేయు డాక్టరు పట్టమునకు మాత్రము గుర్తింపు లేదు. అట్టిది అమ్మజూపువారు కొందరు ఊళ్లమీద తిరుగుచున్నారు. వారికి నీళ్లిచ్చి పంపివేయుట మంచిది. ఉద్యోగము చేయుచు పరిశోధించుట మన భాషలో చిన్నతన మేమియు కాదు. హనుమాజీపేట గ్రామమునుండి వచ్చిన సి. నారాయణరెడ్డిగారు ఉపన్యాసకుడుగా పాఠములు చెప్పుచునే, ఆధునికాంధ్ర కవిత్వమునుగూర్చి వ్యాసము వ్రాసి 1962లో ఉస్మానియానుండి పట్టము పొందిరి.

ఇక కాలము. ఆ నిబంధనల ప్రకారము తక్కువలో తక్కువ మూడేండ్లు, ఎక్కువలో ఎక్కువ ఆరేండ్లు. పునర్నమోదుతో మరి రెండేండ్లు. స్త్రీలకును, 40 శాతము మించిన వైకల్యము కలవారికిని ఇంకను రెండేండ్లు అదనము. ప్రసూతికిని శిశుపోషణకును 240 దినముల సెలవు కలదు. తల్లి ప్రశ్నకు నిబంధనలలో దొరకు జవాబు ఇంతవరకే. మిగిలిన సగము అత్తవారింటిలో దొరకవలెను. పెండ్లిచూపులనాడు ఉద్యోగమునుగూర్చి అడుగుదురు, జీతమునుగూర్చి అడుగుదురు, "సగము వ్రాసిన వ్యాసమున్నది, పూర్తిచేయనిత్తురా?" అని ఆడపిల్ల తరపువారు అడుగుట అరుదు. అడుగవలెను. వేతనము నిలిచి ఆగిపోయినవారు కొందరైన, వివాహముతో ఆగిపోయిన ఆడపిల్లల సంగతి ప్రతి విశ్వవిద్యాలయ శాఖలోను చెప్పుకొందురు.

డబ్బు తరువాత మనిషి. పరిశోధన పట్టము తరగతితో వచ్చునది కాదు; ఒక పర్యవేక్షకుని యొద్ద ఒక శిష్యుడు ఒంటిగా చేయు సాధన. ఆచార్యుడు ఒక వేళకు ఎనిమిదిమందిని, సహాచార్యుడు ఆరుగురిని, సహాయాచార్యుడు నలుగురిని మించి చేర్చుకొనరాదు. పదవీ విరమణకు మూడేండ్లలోపున్న వారు క్రొత్తవారిని చేర్చుకొనరాదు. కావున విశ్వవిద్యాలయపు పేరు చూచి దరఖాస్తు పంపుటకు ముందే, తమ విషయము ఎరిగిన ఆచార్యు లెవరు, వారియొద్ద చోటున్నదా అని విచారింపవలెను. మరియొక విచారణ సున్నితమైనది: ఆయన క్రింద చేరిన వారెందరు, పూర్తిచేసిన వారెందరు? దీనికి జవాబు ఆచార్యునివద్ద కాక, వసతిగృహపు భోజనశాలలో పాత శిష్యులవద్ద దొరకును. శిష్యునిచేత కూరగాయలు మోయించు గురువులును ఉన్నారు. అర్ధరాత్రి వరకు కూర్చుండి శిష్యుని వ్యాసమును పంక్తి పంక్తిగా దిద్దు గురువులును ఉన్నారు. అయిదేండ్ల బ్రతుకు వారిచేతిలో పెట్టుటకు ముందు ఒక దినము ప్రయాణము చేసి కనుగొనుట నష్టము కాదు.

ఎంచుకొన్న విషయము కూడ డబ్బు సంగతియే. ఢిల్లీ, లండను దస్త్రములు చూడవలసిన విషయమునకు ప్రయాణవ్యయము భారీగా పడును. ఇంటిచుట్టు దొరకు విషయమునకు కాళ్లును, చెవులును చాలును. వరంగల్లు ప్రాంతపు దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయములనే విషయముగా గైకొనిరి. నాట్లువేయు స్త్రీలు, తిరుగలి విసరు ముసలమ్మలు పాడుకొను పాటలు అంతవరకు విశ్వవిద్యాలయముల దృష్టిలో పడలేదు. ఆ వ్యాసమునకు ఉస్మానియా 1956లో పట్టమిచ్చెను; 1958లో అది గ్రంథమయ్యెను. జానపద విజ్ఞానమునకు మన భాషలో అది పునాదిరాయి. చేనేత, చెరువుల కట్టుబడి, వలస కూలీల లెక్క, గ్రామపు మాండలికము, ఇట్టివి పల్లెబిడ్డకు పుట్టుకతో వచ్చిన పెట్టుబడి. నగరములో పెరిగినవాడు రెండేండ్లు కష్టపడి తెలిసికొను మాటను పల్లెబిడ్డ అమ్మమ్మ నడిగి తెలిసికొనును.

విదేశములకు పోదలచినవారికి కొన్ని మాటలు. జర్మనీలో పరిశోధన పట్టమునకు క్రమబద్ధమైన తరగతుల పద్ధతి ఇటీవల వచ్చినను, ఒంటిగా ఒక ఆచార్యుని ఆశ్రయించు ప్రాచీన పద్ధతియే నేటికిని ఎక్కువ వాడుకలో ఉన్నది. ఆచార్యుని వారు "డాక్టరు తండ్రి" యనియు, స్త్రీ అయినచో "డాక్టరు తల్లి" యనియు పిలుతురు. అభ్యర్థి మొదట తన ఆలోచనను రెండు మూడు పుటలలో వ్రాసి ఆచార్యునకే పంపును. ఆయన సరేననిన పిమ్మట విశ్వవిద్యాలయ శాఖ నమోదు చేయును. ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో పరిశోధకునకు బోధనరుసుము సాధారణముగా ఉండదు. కాని తిండి ఎవరు పెట్టుదురు? అత్యధికులు ఆచార్యుని పీఠములోనో, పథకములోనో సగము లేక ముప్పాతిక ఉద్యోగము చేయుచు జీతముతో బ్రతుకుదురు, కొందరికి డి.ఏ.ఏ.డి.వంటి సంస్థలు వేతన మిచ్చును. కొందరు కర్మాగారములలో పనిచేయుచు వ్రాసికొందురు. జీతముగాని వేతనముగాని లేక విద్యార్థిగా పోవువాడు ఏడాదికి 11,904 యూరోలు బ్యాంకులో కట్టి చూపవలెనని 2024 సెప్టెంబరునుండి నియమము. అంత సొమ్ము అప్పు చేసి పోవుటకంటె, జీతము చూపు ఆచార్యుని ఉత్తరము వచ్చువరకు పది ఉత్తరములు ఎక్కువ వ్రాయుట లాభము. వ్యాసము ప్రచురింపబడినగాని అచ్చటను పేరుముందు డాక్టరని వ్రాసికొనరాదు.

అమెరికాలో మంచి విశ్వవిద్యాలయములు పరిశోధకుని చేర్చుకొన్నప్పుడు రుసుము మాఫీ చేసి, తరగతులలో బోధనకో ప్రయోగశాల పనికో నెలజీత మిచ్చుట ఆచారము. చేర్చుకొందుము గాని డబ్బియ్యము అను ఉత్తరము వచ్చినచో, మర్యాదగా చెప్పిన నిరాకరణగానే దానిని భావింపవలెను. షెడ్యూల్డు కులములు మున్నగు వర్గముల అభ్యర్థులకు కేంద్రప్రభుత్వపు జాతీయ విదేశ విద్యార్థివేతనములు ఏటేట 125 కలవు. కుటుంబపు వార్షికాదాయము ఎనిమిది లక్షలు మించరాదు, వయస్సు ముప్పదియైదు మించరాదు. భారతదేశపు సంస్కృతి, చరిత్ర, సంఘముల గురించిన విషయములకు 2022నుండి అది వర్తింపకుండ చేసిరి. అంబేద్కరు దారిని పోవువారికి ఇది విచిత్రమైన అడ్డుకట్ట.

వ్యాసము వ్రాసిపెట్టెదమని ప్రకటించు దుకాణములు పట్టణములలో వెలసినవి. డబ్బిచ్చి కొన్న వ్యాసము పట్టుబడకపోదు. 2018 నియమముల ప్రకారము ఇతరుల వ్రాతతో పోలిక పదిశాతమువరకు క్షమింపబడును. అరువది మించినచో నమోదే రద్దగును. అయిదేండ్ల వేతనము తిని చివరకు ఆ గతి పట్టుట ఇంటిల్లిపాదికి అవమానము.

ఇందులో గ్రామ గ్రంథాలయమునకు పని లేదని కొందరనుకొందురు. 1918లో స్థాపితమైన వేటపాలెము సారస్వత నికేతనము ఒక చిన్న ఊరి గ్రంథాలయమే. పాత పత్రికల సంపుటములను భద్రపరచుకొన్నందున, విశ్వవిద్యాలయములలో దొరకనిది వెదకుకొనుచు పరిశోధకులు అచ్చటికి పోవుచున్నారు. భారతదేశపు విశ్వవిద్యాలయముల వ్యాసములు లక్షలకొలదిగా శోధ్‌గంగ అను భాండారములో చేరియున్నవి. చూచుటకు రుసుము లేదు. గ్రంథాలయములో ఒక కంప్యూటరు ఉన్నచో, తాము తలచిన విషయముమీద ఎవరేమి వ్రాసిరో పల్లెలోనే కూర్చుండి చూచుకొనవచ్చును. నెట్ ప్రకటన వచ్చిన దినముననే పత్రికల బల్లపై అంటింపబడినచో, గడువు దాటిపోయినదని బాధపడువారు తగ్గుదురు.

ఈ గ్రంథాలయపు బీరువాలో అడుగు అరలో ఇరువదియైదేండ్ల జారీ పుస్తకము లున్నవి. ఏ సంవత్సరము ఏ పుస్తకము ఎవరు పట్టుకొనిపోయిరి, ఏ యేట స్త్రీలు చందాదారులుగా చేరనారంభించిరి, ఏ నవల అట్టలు ఊడువరకు చేతులు మారెను, ఏ కోతల కాలములో చదువరులు తగ్గిరి, ఇవి యన్నియు అందులో సంతకములతో సహా ఉన్నవి. ఒక ఊరు ఏమి చదివినదో చెప్పు వ్యాసమునకు అది చాలినంత సామగ్రి. మొదటి రెండు సంపుటముల అంచులకు చెదలు పట్టినది. వానిని ముందుగా ఎండబెట్టి, పుటలకు ఫొటోలు తీయించవలసియున్నది.